బడిలో రీడింగ్ ప్రోగ్రామ్: పగ్గాలు ఎవరికివ్వాలి, ఏ దారి ఎంచుకోవాలి

పిల్లలకు చదవడం రావట్లేదని తేలగానే చాలా బడులు ముందు కిట్ల వేటలో పడతాయి. ఏ కంపెనీ పుస్తకాలు మంచివి, ఏ యాప్ పెట్టాలి, ఏ పద్ధతి లేటెస్టు అని ఆరా తీస్తారు. నేనైతే ఈ వరుస తిరగేయమంటాను. ఈ పనిని ఎవరు నడుపుతారు, అందుకు వాళ్లకు వారంలో ఎన్ని పీరియడ్లు దొరుకుతాయి, తరగతిలో కూర్చుని పిల్లలు చదువుతుంటే వినేదెవరు అన్నవి ముందు తేల్చుకోండి. అవి తేలితే కిట్ ఎంపిక పెద్ద టెన్షన్ కాదు. తేలకుండా కొన్న కిట్ ఎంత మంచిదైనా రెండో టర్ముకల్లా బీరువాలోకి చేరుతుంది.

డబ్బు, సామగ్రి, మంచి పద్ధతి మూడూ ఉన్నా ఆశించిన ఫలితం రాకపోవచ్చు. అమెరికా ప్రభుత్వం 2002లో చిన్న తరగతుల పిల్లలకు చదవడం నేర్పే ‘రీడింగ్ ఫస్ట్’ కార్యక్రమం మొదలుపెట్టి ఏటా దాదాపు వంద కోట్ల డాలర్లు ఖర్చు చేసింది. పద్ధతిని పరిశోధనలు చూసే ఎంచుకున్నారు. బడుల్లో టీచర్లకు తోడుగా ఉండి బోధన మెరుగుపరిచే కోచ్‌లను కూడా పెట్టారు. 2008లో వచ్చిన తుది నివేదిక ప్రకారం టీచర్లు చదివించడానికి వెచ్చించే సమయం పెరిగింది, ఒకటో తరగతి పిల్లలు పదాలను కూడబలుక్కుని చదవడంలో కొంత మెరుగయ్యారు. చదివింది అర్థం చేసుకోవడంలో మాత్రం ఒకటి నుంచి మూడో తరగతి దాకా చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దీనికి కారణాలు చాలా ఉండొచ్చు. ఆ కార్యక్రమంలోనే, పశ్చిమ రాష్ట్రాల్లో పనిచేస్తున్న కోచ్‌ల మీద 2007లో వచ్చిన ఒక అధ్యయనం మాత్రం ఆలోచించదగ్గది. వాళ్లు తమ పనివేళల్లో సగటున 28 శాతమే టీచర్లతో గడిపారు. మిగతాదంతా డేటా, ఫైళ్లు, మీటింగులు, పరీక్షల ఏర్పాట్లకే పోయింది. పేరుకు కోచ్ ఉన్నాడు, తరగతిలో మాత్రం తక్కువగా ఉన్నాడు.

పేరు ఒకటే, పనులు మూడు

‘రీడింగ్ ఇన్‌ఛార్జ్’ అనే ఒక్క పేరు కింద బడులు మూడు వేరువేరు పనులు కలిపేస్తుంటాయి. ఇంటర్నేషనల్ లిటరసీ అసోసియేషన్ 2015లో వీటిని విడదీసి చెప్పింది. వెనకబడ్డ పిల్లలకు నేరుగా చదవడం నేర్పే స్పెషలిస్టు ఒకరు. టీచర్లతో కలిసి పనిచేసి వాళ్ల బోధన మెరుగుపరిచే కోచ్ ఇంకొకరు. ప్రోగ్రామ్ మొత్తాన్ని ప్లాన్ చేసి, సామగ్రి, పరీక్షలు, ఫలితాలు చూసుకునే కోఆర్డినేటర్ మరొకరు. పెద్ద వ్యవస్థల్లో ముగ్గురు ఉండొచ్చు. మామూలు బడిలో ఒక్కరే దొరుకుతారు. అప్పుడు ఆ ఒక్కరి వారంలో ఏ పనికి ఎంత సమయమో కాగితం మీద రాసిపెట్టాలి. రాయకపోతే కోఆర్డినేటర్ పని మిగతా రెండింటినీ మింగేస్తుంది, ఎందుకంటే పైనుంచి ఫోన్లు చేసి అడిగేది రిపోర్టులనే.

ఎవరికి అప్పగించాలి

హెడ్మాస్టరే నడపడం మొదటి దారి. టైమ్‌టేబుల్ ఆయన చేతిలో ఉంటుంది, రీడింగ్ పీరియడ్‌ను ఎవరూ లాక్కోకుండా కాపాడగలరు, పుస్తకాలకు డబ్బు కావాలంటే సంతకం కూడా ఆయనదే. ఐదారుగురు టీచర్లున్న చిన్న బడిలో, పైగా ఆయన స్వయంగా చిన్న తరగతులకు చెప్పినవారైతే, ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. పెద్ద బడిలో రెండు చిక్కులు వస్తాయి. ఒకటి తీరిక. రెండోది, ఆయన తరగతిలోకి అడుగుపెట్టగానే టీచర్ బిగుసుకుపోతారు. పిల్లల్లో బాగా చదివేవాణ్నే లేపి చదివిస్తారు. ఆయన చూడాల్సింది అది కాదు కదా.

సీనియర్ టీచర్‌కు అదనపు బాధ్యతగా ఇవ్వడం రెండోది. ఎక్కువ బడులు ఎంచుకునేది ఇదే, ఎక్కువగా నీరుగారిపోయేదీ ఇదే. టీచర్ మంచివారే, పిల్లల్ని ఎరిగినవారే, తోటి టీచర్లకు భయం లేదు. అన్నీ కలిసొస్తాయి, ఒక్క సమయం తప్ప. పూర్తి పీరియడ్లు చెప్పుకుంటూ ‘ఖాళీ దొరికినప్పుడు’ తోటివారి తరగతి చూడమంటే ఆ ఖాళీ ఎప్పటికీ దొరకదు. ఎవరైనా సెలవు పెడితే ఆ తరగతికి వెళ్లేది కూడా వీళ్లే. ఈ దారి ఎంచుకుంటే ఆ టీచర్ పీరియడ్లలో కనీసం మూడో వంతు తగ్గించి, సబ్‌స్టిట్యూషన్ లిస్టులోంచి పేరు తీసేయాలి. ఆ పని చేయలేకపోతే ఈ బాధ్యత ఇవ్వకండి. మంచి టీచర్‌ను పోగొట్టుకుంటారు, ప్రోగ్రామూ నడవదు.

మూడోది, ఈ పనికోసమే ఒక కోచ్‌ను పెట్టుకోవడం. ఆధారాలు అన్నిటికన్నా గట్టిగా ఉన్నది దీనికే. మాథ్యూ క్రాఫ్ట్, డేవిడ్ బ్లేజర్, డిలన్ హోగన్ అనే పరిశోధకులు 2018లో కోచింగ్ మీద 60 అధ్యయనాలను కలిపి చూశారు. టీచర్ బోధనలో వచ్చిన మార్పు 0.49 స్టాండర్డ్ డీవియేషన్ (మార్పు ఎంత పెద్దదో చెప్పే కొలమానం) ఉంటే, పిల్లల ఫలితాల్లో 0.18 వచ్చింది. టీచర్ బాగా మారినా, ఆ మార్పులో కొంతే పిల్లల దాకా చేరుతుందన్నమాట. కాబట్టి ఒక టర్ములో అద్భుతాలు ఆశించకండి. అదే పరిశోధనలో ఇంకోటి కూడా తేలింది. కోచింగ్ కార్యక్రమం పెద్దదయ్యే కొద్దీ ఫలితం తగ్గుతూ వచ్చింది. ఒక కోచ్‌ను పది బడులకు పంచేముందు ఈ మాట గుర్తుంచుకోవాలి.

శిక్షణ శిబిరమా, కోచా అన్నది తేల్చుకోలేకపోతుంటే దక్షిణాఫ్రికా ప్రయోగం చూడండి. నార్త్ వెస్ట్ ప్రావిన్సులో సెట్స్వానా మాతృభాషగా ఉన్న చిన్న తరగతుల్లో కొన్ని బడులకు లెసన్ ప్లాన్లు, పుస్తకాలు ఇచ్చి, టీచర్లను ఒకచోటికి పిలిచి శిక్షణ ఇచ్చారు. మరికొన్ని బడులకు అవే ప్లాన్లు, అవే పుస్తకాలు ఇచ్చి, కోచ్‌ను తరగతికే పంపారు. రెండేళ్లకు శిక్షణ పొందిన బడుల్లో మెరుగుదల 0.12 స్టాండర్డ్ డీవియేషన్, కోచ్ వచ్చిన బడుల్లో 0.24. కోచ్‌కు ఖర్చు ఎక్కువే, అయినా పెట్టిన ఖర్చుకు దక్కిన ఫలితం లెక్కేస్తే కోచింగే నయమనిపించింది.

సరే, కోచ్‌ను ఫోన్లో, వీడియోలో పెడితే ప్రయాణం ఖర్చు మిగులుతుంది కదా? ఆ దేశంలోనే అదీ పరీక్షించారు. ఇంగ్లీషును రెండో భాషగా నేర్పే తరగతుల్లో మూడేళ్ల తర్వాత చూస్తే, తరగతికి వచ్చిన కోచ్ వల్ల పిల్లల మాట్లాడే ఇంగ్లీషు, చదివే ఇంగ్లీషు రెండూ మెరుగయ్యాయి. ఆన్‌లైన్ కోచ్ వల్ల మాట్లాడటంలో కొంత లాభం కనిపించింది, చదవడంలో మాత్రం లేదు. పైగా మాతృభాష చదవడం కాస్త దెబ్బతింది. మనిషి వచ్చి వెనక బెంచీలో కూర్చోవడానికి స్క్రీన్ ఇంకా సాటి రాలేదు. దూరం మరీ ఎక్కువైతే, ముందు కొన్నాళ్లు నేరుగా వచ్చి పరిచయమైన కోచ్‌ మధ్యమధ్య ఫోన్లో మాట్లాడటం వరకు ఫర్వాలేదు.

బయటి సంస్థకు అప్పగించడం నాలుగోది. త్వరగా మొదలవుతుంది, సామగ్రి సిద్ధంగా ఉంటుంది, శిక్షణ ఇచ్చేవాళ్లకు అనుభవం ఉంటుంది. వాళ్లు వెళ్లిపోయాక ఏం మిగులుతుందన్నదే అసలు ప్రశ్న. అందుకే ఒప్పందంలో రెండు షరతులు పెట్టండి. మొదటి రోజు నుంచీ మీ బడి మనిషి ఒకరు వాళ్ల పక్కనే ఉండి పనంతా నేర్చుకోవాలి. పిల్లల ఫలితాల రికార్డు మీ దగ్గరే ఉండాలి. ఈ రెండింటికీ ఒప్పుకోని సంస్థ ఎంత పేరున్నదైనా నేను వద్దనే అంటాను.

కోచ్ మార్కులు వేయకూడదు

కోచింగ్, తనిఖీ ఒకే మనిషి చేతిలో పెట్టొచ్చా అన్నది చాలామంది తేలిగ్గా దాటేసే ప్రశ్న. పొదుపు కోసం రెండూ కలిపేస్తుంటారు. నా అభిప్రాయం: కలపొద్దు. ఒత్తులున్న పదాలు ఎలా నేర్పాలో తనకు తెలియడం లేదని ఒక టీచర్ ఒప్పుకోవాలంటే, ఆ మాట ఇంక్రిమెంట్ ఫైల్లోకి వెళ్లదన్న నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం లేనిచోట కోచ్‌కు కనబడేది ప్రదర్శన మాత్రమే.

తనిఖీ అక్కర్లేదని కాదు. రీడింగ్ పీరియడ్ జరుగుతోందా, పుస్తకాలు పిల్లల చేతుల్లో ఉన్నాయా, పరీక్షలు నిజాయితీగా జరిగాయా అన్నవి ఎవరో ఒకరు చూడాలి. అది హెడ్మాస్టర్ లేదా పై అధికారి పని. కోచ్ వాళ్లకు ఇచ్చే రిపోర్టులో ఏ తరగతికి ఎన్నిసార్లు వెళ్లారో, మొత్తం మీద ఏ అంశంలో సాయం కావాలో ఉంటే చాలు. ఏ టీచర్ ఎలా చెప్పారన్నది ఉండకూడదు. ఈ గీత మొదటి స్టాఫ్ మీటింగులోనే అందరి ముందు గీసేయండి.

కోచ్‌లు వెళ్తున్నారో లేదో తెలుసుకోవడానికి కెన్యా ఒక దారి పట్టింది. 2015లో దేశమంతటా మొదలైన ‘టుసోమే’ కార్యక్రమంలో కోచ్‌లకు ట్యాబ్‌లెట్లు ఇచ్చారు. వెళ్లిన ప్రతి తరగతిలో పాఠం చూసి, కొందరు పిల్లల చేత చదివించి, అక్కడికక్కడే నమోదు చేయాలి. ప్రయాణ ఖర్చులు ఆ నమోదును బట్టే వచ్చాయి. తరగతి చూడకుండా హెడ్మాస్టర్ గదిలో కూర్చుని వెళ్లిపోయే అలవాటుకు ఇది మందు. ఒకే ఒక బడికి ఇంత అక్కర్లేదు. స్టాఫ్ రూములో గోడకు తగిలించిన వారం చార్టు సరిపోతుంది.

అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం ఇంకో పాఠం చెబుతుంది. 2013లో చట్టం తెచ్చి, రాష్ట్రమే కోచ్‌లను నియమించి, అన్ని బడులకూ పలచగా పంచకుండా బాగా వెనకబడ్డ బడుల్లో పెట్టింది. 2013లో నాలుగో తరగతి రీడింగ్‌లో దేశంలో 49వ స్థానంలో ఉన్న రాష్ట్రం 2019కల్లా జాతీయ సగటును అందుకుంది. టీచర్లకు విస్తృత శిక్షణ, మూడో తరగతిలో చదవలేని పిల్లల్ని పై తరగతికి పంపకుండా ఆపేసే నిబంధన కూడా అప్పుడే వచ్చాయి కాబట్టి ఘనతంతా కోచ్‌లకే కట్టబెట్టలేం. కోచ్‌ల సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు మాత్రం ఇది మంచి జవాబు.

పద్ధతి సంగతి

మొదలుపెట్టే వయసులో అక్షరానికి, శబ్దానికి ఉన్న సంబంధాన్ని వరుసగా, నేరుగా నేర్పాలా, లేక కథల పుస్తకాల మధ్య వదిలేస్తే పిల్లలే పట్టుకుంటారా అన్న గొడవ దశాబ్దాలు సాగింది. ఈ రెండింటిలో ఏదో తేల్చుకోలేక మీరు తలపట్టుకోనక్కర్లేదు. వరుసగా నేర్పడమే గెలిచింది. బొమ్మ చూసి పదం ఊహించమనే ప్రోగ్రామ్ ఎవరైనా తెస్తే మర్యాదగా వెనక్కి పంపండి.

అయితే శబ్దాలు నేర్పడంతో పని అయిపోదు. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాలు కూడబలుక్కోగల శక్తిని, భాష తెలియడంతో గుణించగా వచ్చేది. కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. ప్రోగ్రామ్‌ను పోల్చేటప్పుడు వారం ప్లాన్ తీసుకుని, అందులో అక్షరాలకు ఎంత సమయం, మాటలకు, కథ విని మాట్లాడుకోవడానికి ఎంత సమయం ఇచ్చారో లెక్కపెట్టండి. రెండోది ఖాళీగా ఉంటే పిల్లలు గడగడా చదువుతారు, ఏం చదివావంటే చెప్పలేరు.

ఇంగ్లీషు కోసం తయారైన ఫోనిక్స్ (అక్షరాలకు శబ్దాలను జోడించి నేర్పే) ప్యాకేజీని పేర్లు మార్చి తెలుగుకు తెచ్చినవి కూడా కనిపిస్తుంటాయి. వాటితో జాగ్రత్త. ఇంగ్లీషు స్పెల్లింగ్ గజిబిజిగా ఉంటుంది, గుర్తులు మాత్రం తక్కువ. మన లిపిలో రాసిందే పలుకుతాం, కానీ గుణింతాలు, ఒత్తులు కలిపితే నేర్చుకోవాల్సిన రూపాలు వందల్లోకి వెళ్తాయి. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో అక్షరాల మీద పట్టు చిక్కడం మొదటి ఏడాదితో ముగియలేదు, పై తరగతుల్లోకీ సాగింది. మన లిపికీ ఇది వర్తిస్తుందనే నా నమ్మకం. కాబట్టి ‘వంద రోజుల్లో అక్షరాలన్నీ’ అనే ప్యాకేజీ కంటే, ఒత్తులను రెండు, మూడు తరగతుల్లోకి విస్తరించి, మధ్యలో నేర్చిన అక్షరాలతోనే చదవగల చిన్న కథలిచ్చేది మేలు.

మినిట్ టు మినిట్ రాసిన లెసన్ ప్లానా, టీచర్ స్వేచ్ఛా? కొత్త టీచర్లు ఎక్కువున్న బడిలో రాసిన ప్లానే మంచిది. అనుభవం ఉన్నవాళ్లకు అదే ప్లాన్ ఊపిరాడనివ్వదు. వాళ్లకు వరుస మాత్రం ఒకటే ఉంచి, పాఠం ఎలా చెప్పాలన్నది వాళ్లకే వదిలేయండి. ఒకే బడిలో రెండూ నడవొచ్చు.

ఎలా కొలవాలి

నాలుగు మెట్ల పరీక్ష అన్నిటికంటే సులువు. అక్షరం, పదం, చిన్న పేరా, కథ. పిల్లవాడు ఎక్కడ ఆగాడో చూసి ఆ మెట్టు రాసుకుంటారు. మన దేశంలో పల్లెల్లో పిల్లల చదువును ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే 2005 నుంచి వాడుతున్నది ఈ రకమే. ఒక్కో పిల్లవాడికి కొన్ని నిమిషాలు చాలు, గ్రూపులు చేయడానికి చక్కగా పనికొస్తుంది. నెలనెలా వచ్చే చిన్న మార్పులు మాత్రం ఇందులో కనబడవు.

నిమిషంలో ఎన్ని పదాలు తప్పుల్లేకుండా చదివారో లెక్కపెట్టే పరీక్ష మెరుగుదలను నిశితంగా చూపిస్తుంది. దీనికి రెండు జాగ్రత్తలు. ఇంగ్లీషుకు ఇచ్చిన లక్ష్యాలను తెలుగుకు అంటించకండి. మన పదాలు పొడుగు, ఇంగ్లీషులో మూడు నాలుగు మాటలు పట్టేది మనకు ఒక్క మాటలో ఇమిడిపోతుంది. రెండోది, అంకెను గోడ మీద అంటించారంటే పిల్లలు చదవడం మానేసి పరుగెడతారు.

ఇంగ్లండ్ 2012 నుంచి ఒకటో సంవత్సరం పిల్లలకు 40 పదాల పరీక్ష పెడుతోంది. అందులో సగం అర్థం లేని పదాలు. గుర్తుపెట్టుకుని చెప్పే పిల్లవాణ్ని, నిజంగా చదివే పిల్లవాణ్ని వేరు చేయడానికి ఇది మంచి ఉపాయం. మన లిపిలో ఇలాంటి పదాలు పది కల్పించడం టీచర్‌కు ఐదు నిమిషాల పని. పరీక్షకు తప్ప ప్రాక్టీసుకు వాడకండి.

నేను సూచించేది: అందరికీ ఏడాదికి మూడుసార్లు మెట్ల పరీక్ష, వెనకబడ్డవారికి రెండు వారాలకోసారి నిమిషం పరీక్ష. పరీక్ష పెట్టేది ఆ తరగతి టీచర్ కాకుండా పక్క తరగతి టీచరైతే అంకెల మీద నమ్మకం పెరుగుతుంది. ఇంతకు మించి కొలిచే బడి చదివించే సమయాన్ని తినేస్తోందని అర్థం.

వెనకబడ్డ పిల్లలకు

ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చెప్పడం మంచిదే, కానీ పిల్లలు ఎక్కువైతే లెక్క తేలదు. పైగా ప్రతిదీ నిలబడుతుందన్న హామీ లేదు. న్యూజిలాండ్‌లో మేరీ క్లే రూపొందించిన ‘రీడింగ్ రికవరీ’లో రోజుకు అరగంట ఒక్కో పిల్లవాడికి ఒక్కో టీచర్. వెంటనే మంచి ఫలితాలు కనిపించాయి. డెలావేర్ యూనివర్సిటీ పరిశోధకులు 2022లో బయటపెట్టిన ఫలితాల్లో మాత్రం, ఈ సాయం పొందినవారు మూడు, నాలుగు తరగతులకు వచ్చేసరికి పొందనివారికంటే వెనకే ఉన్నారు. వచ్చే వారం మార్కులు చూసి సంబరపడే ముందు రెండేళ్ల తర్వాతి మాట అడగాలి.

సగం తరగతి వెనకబడి ఉంటే నేను ఎంచుకునేది ‘ప్రథమ్’ అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన దారి: రోజూ ఒక నిర్ణీత గంటలో తరగతుల గోడలు తీసేసి, ఎవరి మెట్టును బట్టి వాళ్లను గ్రూపు చేసి నేర్పడం. ఇందులో అసలు కిటుకు పర్యవేక్షణలో ఉంది. బిహార్‌లో బడి నడిచే రోజుల్లో టీచర్లకు సామగ్రి, శిక్షణ ఇచ్చి వదిలేసినప్పుడు ఫలితం రాలేదు. హర్యానాలో 2012–13లో ఆ గంటను విడిగా కేటాయించి, పర్యవేక్షించేవాళ్ల చేత ముందు స్వయంగా పిల్లలకు పాఠాలు చెప్పించి, ఆ తర్వాతే టీచర్ల దగ్గరికి పంపారు. భాషలో ఫలితం వచ్చింది. ఐదారుగురే వెనకబడి ఉంటే ఇంత హంగామా వద్దు, టీచర్ తరగతిలోనే చిన్న గ్రూపుగా చూసుకోవచ్చు.

లైబ్రరీ పీరియడ్ గురించి రెండు మాటలు. అందరూ మౌనంగా చదువుకునే అరగంట చదవడం వచ్చిన పిల్లలకు మంచి అలవాటు. రానివాడు ఆ అరగంటా పేజీలు తిప్పుతాడు. అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో ఇచ్చిన నివేదికలో కూడా, పెద్దవాళ్లు వింటుండగా పైకి చదవడం వల్ల లాభముందని తేలింది, ఊరికే మౌనంగా చదివించడానికి తగినన్ని ఆధారాలు దొరకలేదు. పీరియడ్ ఉంచండి, రీడింగ్ ప్రోగ్రామ్ అని పేరు మాత్రం పెట్టకండి.

మనిషిని ఎంచుకునేటప్పుడు

డిగ్రీలు, సర్టిఫికెట్లు చూడండి, కానీ వాటి మీదే ఆధారపడొద్దు. అభ్యర్థికి రెండో తరగతి పిల్లవాడు తడబడుతూ చదివిన రెండు నిమిషాల రికార్డింగ్ వినిపించండి. ఎక్కడ తప్పాడు, ఎందుకు తప్పాడు, రేపు మొదటి పది నిమిషాల్లో వాడికి ఏం నేర్పుతారు అని అడగండి. ‘ఇంకా ప్రాక్టీస్ చేయించాలి’ అనేవారిని పక్కన పెట్టండి. ‘దీర్ఘాలు బాగానే చదువుతున్నాడు, ఒత్తు వచ్చిన ప్రతిచోటా దాన్ని వదిలేస్తున్నాడు’ అనగలిగినవారితో మాట కొనసాగించండి. ఆ తర్వాత ఒక టీచర్ పాఠం చూపించి, ఆ టీచర్‌తో వాళ్లు ఐదు నిమిషాలు మాట్లాడేలా చేయండి. మీరు వెనక కూర్చుని, ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారో గమనించండి. అభ్యర్థి ఒక్కరే మాట్లాడి, టీచర్ తలాడిస్తూ కూర్చుంటే ఇంకొకరిని పిలవండి.